మరచేతి శస్త్రచికిత్స



ఈనాడు నేను ముచ్చటింపబోవునది మగవారికి పెద్దవయసున వచ్చు ఒక వ్యాధినిగుఱించియు, దానికి నేడు చేయబడుచున్న ఒక క్రొత్తరకపు శస్త్రచికిత్సనుగుఱించియు. ఆ వ్యాధి ప్రోస్టేటు గ్రంథికి వచ్చు క్యాన్సరు; మన పూర్వులు రాచపుండు అని భయపడిన జాతిలోనిదే. ఆ చికిత్స రోబో అనబడు మర సాయముతో, పొట్టను పెద్దగా కోయక, చిన్నచిన్న రంధ్రములగుండ చేయునది. పట్టణపు ఆసుపత్రుల ప్రకటనలలో ఆ మర బొమ్మను మీరు చూచియే యుందురు. "మరయే ఆపరేషను చేయునట, వైద్యుడు రోగిని ముట్టడట, దాని చేయి వణకదట" అని రచ్చబండలయొద్ద చెప్పుకొనుచున్నారు. "ఆ మర యున్నచోటికి పోనివాడు బ్రదుకడు" అను మాటయు దానివెంటనే పుట్టినది. మొదటి మాటలో కొంత నిజము కలదు. రెండవ మాటలో నిజము లేదు. ఈ రెంటి భేదమును తెలిసికొనుట మనకు మిక్కిలి అవసరము. ఏలయనగా, ఈ మాటలను నమ్మి కొందఱు పొలములు అమ్ముకొనుచున్నారు. మఱికొందఱు "మనకంత స్తోమత యెక్కడిది" యని ఏ చికిత్సయు లేక కూర్చుండుచున్నారు. రెండును నష్టములే.

మొదట గ్రంథి మాట చెప్పెదను. మూత్రాశయమునకు దిగువను, మలాశయమునకు ముందును, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి మగవారికి కలదు. వీర్యమునందలి ద్రవములో కొంతభాగమును తయారుచేయుట దాని పని. ఏబదియేండ్లు దాటినపిమ్మట ఇది చాలమందిలో పెరుగును. పెరిగి, నడుమనున్న మూత్రనాళమును నొక్కును. అందువలన ధార సన్నగిల్లుట, ఆగి యాగి వచ్చుట, రాత్రివేళ మూడు నాలుగు సారులు లేవవలసివచ్చుట మొదలగు బాధలు కలుగును. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. ఇట్టి బాధలతో వైద్యునియొద్దకు వచ్చు వృద్ధులలో ఎక్కువమందికి ఉండునది ఈ సాధారణమైన పెరుగుదలయే. దీనికి మందులు కలవు. మందులకు లొంగనిచో మూత్రమార్గముగుండనే గ్రంథిని లోపల తఱిగి తీయు ఆపరేషను కలదు.

క్యాన్సరు వేఱు. అది తొలిదశలో తఱచుగా చీమకుట్టినంత బాధయు కలిగింపదు. ముదిరి యెముకలకు ప్రాకినపుడు నడుమునొప్పిగానో తుంటినొప్పిగానో బయటపడును. దీనిని కనుగొనుటకు పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష యొకటి కలదు. వైద్యుడు వేలితో గ్రంథిని తాకి గట్టిదనమును చూచుట మఱియొక పరీక్ష. అయితే రక్తపరీక్షలో అంకె పెరిగినంతమాత్రమున క్యాన్సరు వచ్చినదని బెదరవలదు. సాధారణమైన పెరుగుదలవలనను, మూత్రమార్గమున చీము చేరుటవలనను ఆ అంకె పెరుగును. గ్రంథినుండి సూదితో ముక్కలు తీసి, సూక్ష్మదర్శినిక్రింద చూచి నిర్ధారణ చేయవలెను. ఆ ముక్కను చూచి వ్యాధి సాధువైనదో క్రూరమైనదో అంకెలతో తెలుపు పద్ధతిని 1966లో అమెరికా వైద్యుడు డొనాల్డు గ్లీసన్ ఏర్పఱచెను. నేటికిని ముక్కపరీక్ష కాగితములమీద ఆయన పేరుతో అంకె యుండును. అది మీ కాగితములలో అన్నిటికంటె ముఖ్యమైన అంకెలలో నొకటి.

గ్రంథిని సమూలముగా తీసివేయుట నిన్న నేడు పుట్టిన పని కాదు. 1904వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, హ్యూ హాంప్టన్ యంగ్ అను శస్త్రవైద్యుడు వృషణములకు వెనుకభాగమున కోసి క్యాన్సరు గ్రంథిని తీసెను. 1945లో లండను నగరమున టెరెన్సు మిల్లిన్ అను ఐర్లండు వైద్యుడు, మూత్రాశయమును కోయకయే, పొత్తికడుపు ముందుభాగమునుండి గ్రంథిని చేరు మార్గమును ప్రకటించెను. అయినను ఆ చోటు మిక్కిలి లోతైనది. కటియెముకల నడుమ ఇరుకైన బావి యడుగున నున్నట్లుండును. దానిమీద సిరలు తీగలవలె అల్లుకొనియుండును. అవి తెగినచో రక్తము ఊటవలె ఉబికి, వైద్యుడు చూడవలసిన చోటును ముంచివేయును. కానరానిచోట తడుముకొని కోయవలసివచ్చెడిది. రోగి బ్రదికినను మూత్రమును నిలుపుకొనలేకపోవుట, దాంపత్యశక్తి పోవుట తఱచుగా జరిగెడివి.

ఈ దురవస్థను చాలవఱకు మార్చినది ఏ మరయు కాదు; మనుష్యుల పరిశీలన. బాల్టిమోరు వైద్యుడే యగు పాట్రిక్ వాల్ష్ మొదట ఆ సిరలనుండి రక్తస్రావమును అరికట్టు విధమును కనుగొనెను. పిమ్మట 1981లో హాలండు దేశమునందలి లైడెన్ నగరమునకు పోయి, అచ్చటి వృద్ధాచార్యుడు పీటర్ డాంకరుతో కలిసి, ఒక మృతశిశువు శరీరమును కోసి పరిశీలించెను. దాంపత్యశక్తికి ఆధారమైన నరములు గ్రంథిలోపల లేవనియు, దాని వెలుపల ఇరుప్రక్కల సన్నని దారములవలె పోవుచున్నవనియు వారు గ్రహించిరి. 1982 ఏప్రిలులో వాల్ష్ ఆ నరములను బుద్ధిపూర్వకముగా కాపాడుచు మొదటి ఆపరేషను చేసెను. నరము లెక్కడ నున్నవో తెలిసినందువలననే వైద్యుని చేతికి దారి తెలిసినది. ఈ సంగతిని మనసున నుంచుకొనుడు. మర మాట వచ్చినపుడు దీనితో పని కలదు.

ఇక చిన్నరంధ్రముల మాట. పొట్టపై నాలుగైదుచోట్ల చిన్నరంధ్రములు చేసి, ఒకదానిగుండ దీపముతో కూడిన సన్నని కెమెరాను, తక్కినవానిగుండ పొడవైన పనిముట్లను పంపి, తెఱమీద చూచుచు ఆపరేషను చేయుటను లాప్రోస్కోపీ యందురు. పిత్తాశయమునకు ఈ పద్ధతి బాగుగా కుదిరినది. 1991లో అమెరికా వైద్యులు కొందఱు ప్రోస్టేటు గ్రంథికిని దీనిని ప్రయత్నించిరి. తొమ్మిదిమందికి చేసి, పాతపద్ధతికంటె దీనివలన లాభము కనబడలేదని 1997లో వారే వ్రాసిరి. కారణము సులభముగానే తెలియును. మూతి చిన్నదైన కుండలో రెండు పొడవైన పుల్లలు దూర్చి, లోపల బట్ట కుట్టవలెనన్న ఎట్లుండును? పనిముట్టునకు మణికట్టు లేదు. చేయి కుడికి పోయిన కొన యెడమకు పోవును. తెఱమీద బొమ్మకు లోతు తెలియదు. 1998 మొదలుకొని పారిసు నగరమున గియోనో, వలాన్సియెన్ అను వైద్యులు ఓర్పుతో ఈ విద్యను సాధించి చూపిరి. కాని అందఱికిని అంత ఓర్పును, అంత చేతివాటమును అలవడుట కష్టము. ఈ కష్టమును తీర్చుటకే రోబో వచ్చినది.

రోబో యను మాట నాటకమునుండి పుట్టినది. చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన యొక నాటకమున, మనుష్యులకు బదులు పనిచేయుటకు తయారుచేయబడిన కృత్రిమమనుష్యులకు ఈ పేరు పెట్టెను. ఆ భాషలో రోబోటా యనగా వెట్టిచాకిరి. వెట్టి యననేమో మన పల్లెలవారికి నేను చెప్పనక్కఱలేదు. ఆ నాటకములోని రోబోలు యజమానులపై తిరుగబడును. వైద్యశాలలోని రోబో అట్టిది కాదు. అది తనంతట తాను ఏ పనియు తలపెట్టదు. ఎచ్చట కోయవలెనో, ఎచ్చట ఆగవలెనో దానికి తెలియదు. చేయించువాని చేతికి అది వట్టి పొడిగింపు మాత్రమే.

యుద్ధభూమిలో గాయపడిన సైనికులకు దూరమునుండి శస్త్రచికిత్స చేయవలెనను తలంపుతో అమెరికా సైన్యము ప్రోత్సహించిన పరిశోధనలు ఈ మరకు మూలములలో నొకటి. ఆ పరిశోధనలను ఆధారము చేసికొని, 1995లో కాలిఫోర్నియాలో స్థాపింపబడిన ఇంట్యూటివ్ సర్జికల్ అను సంస్థ మరను నిర్మించి, ఇటలీదేశపు మహాచిత్రకారుడు లియొనార్డో డావిన్సి పేరు దానికి పెట్టినది. 2000వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంకుఫర్టు నగరమున దీనితో ప్రోస్టేటు గ్రంథిని తీసిరి. ఆ యేటనే అమెరికా ప్రభుత్వమును దీని వాడుకకు అనుమతి నిచ్చెను.

ఇచ్చట తెలుగువారి మాట యొకటి చెప్పవలసియున్నది. డిట్రాయిటు నగరములోని హెన్రీ ఫోర్డు ఆసుపత్రిలో, కేరళమున జన్మించిన మణి మేనన్ అను శస్త్రవైద్యుడు ఈ మరతో చేయు ప్రోస్టేటు ఆపరేషనును క్రమమైన పద్ధతిగా తీర్చిదిద్దెను. ఆ కార్యమునకు ధనసహాయము చేసినవాడు అమెరికాలో వ్యాపారమున గడించిన ఆంధ్రుడు రాజ్ వట్టికూటి. 2001లో ఆయన ఆ ఆసుపత్రికి రెండుకోట్ల డాలర్లు దానము చేసెను. అచ్చటి మూత్రవైద్యసంస్థ నేటికిని వట్టికూటివారి పేరుననే యున్నది. ప్రపంచపు నలుమూలలనుండి వైద్యులు అచ్చటికి పోయి ఈ విద్యను నేర్చుకొనిరి.

మర పనిచేయు తీరును ఇప్పుడు వివరించెదను. రోగికి పూర్తిమత్తు ఇచ్చి, తల దిగువకును కాళ్లు ఎగువకును ఉండునట్లు బల్లను వంచుదురు. పొట్టలోనికి బొగ్గుపులుసు వాయువును నింపి జాగా చేయుదురు. ఐదారు చిన్నరంధ్రములు చేసి, మరయొక్క నాలుగుచేతులను వానికి తగిలింతురు. ఒక చేతికి కెమెరా, తక్కినవానికి కత్తెర, పట్టుకారు, సూదిని పట్టు పనిముట్టు ఉండును. ఆ పనిముట్లు చిటికెనవ్రేలికంటె సన్ననివి. సుమారు 8 మిల్లీమీటర్ల లావు. వాని కొనలకు మనుష్యుని మణికట్టువలె అన్నివైపులకు తిరుగు కీళ్లు కలవు. శస్త్రవైద్యుడు కొన్ని అడుగుల దూరమున ఒక పెట్టెలో తల యుంచి కూర్చుండును. రెండుకండ్లకు రెండుబొమ్మలు వేఱువేఱుగా కనబడుటచే లోతు తెలియును. ఉన్నదానికంటె సుమారు పదిరెట్లు పెద్దదిగా కనబడును. వ్రేళ్లకు ఉంగరములవంటి పట్టీలు తగిలించుకొని ఆయన చేయి కదపగా, అదే కదలికను మరచేయి రోగిలోపల చేయును. ఆయన చేయి మూడంగుళములు కదలినపుడు లోపలికొన ఒక్క యంగుళమే కదలునట్లు అమర్చుకొనవచ్చును. చేతివణకును మర వడపోసివేయును. ఆయన పెట్టెనుండి తల తీసినచో చేతులన్నియు నిలిచిపోవును. రోగిప్రక్కన సహాయవైద్యుడును, మత్తువైద్యుడును, నర్సులును ఎల్లప్పుడు నుందురు.

గ్రంథిని చుట్టునుండి విడదీసి, వీలైనచో నరములను కాపాడి, సంచిలో వేసి, బొడ్డుదగ్గరి రంధ్రమును కొంచెము పెద్దదిచేసి వెలుపలికి తీయుదురు. పిమ్మట మూత్రాశయమును మూత్రనాళముతో కలిపి కుట్టుదురు. ఈ కుట్టే అన్నిటికంటె కష్టమైన పని. మరచేతి మణికట్టు మిక్కిలి ఉపకరించునది ఇచ్చటనే. కుట్టు మానువఱకు, అనగా ఒకవారము పదిదినములు, మూత్రమునకు గొట్టము ఉంచుదురు.

మర కొక లోపము కలదు. ఇప్పుడు వాడుకలోనున్న మరలలో చాలవానికి స్పర్శజ్ఞానము లేదు. దారమును ఎంత బిగువుగా లాగుచున్నాడో వైద్యుడు కంటితో చూచి గ్రహింపవలసినదే కాని, చేతికి తెలియదు. 2024లో అమెరికాలో అనుమతి పొందిన క్రొత్తమరలో బిగువు చేతికి తెలియు ఏర్పాటు చేసిరి. మన దేశమునందును మంత్ర యను పేరుగల మర తయారై 2022నుండి వాడుకలోనికి వచ్చినది.

దూరము ఎంతయున్నను పని చేయునది వైద్యుని చేయియే యనుటకు 2001 సెప్టెంబరులో గొప్ప నిదర్శనము దొరకినది. జాక్ మరెస్కో అను ఫ్రెంచివైద్యుడు న్యూయార్కు నగరమున కూర్చుండి, మహాసముద్రమున కావలనున్న స్ట్రాస్‌బర్గు నగరమున ఒక రోగి పిత్తాశయమును మరొకరకపు రోబోతో తీసెను. నడుమ వేలమైళ్ల దూరము. అయినను ఆ మరను నడిపినది ఆ మనుష్యుడే.

ఇక అసలు ప్రశ్న: ఈ మరవలన రోగికి కలుగు లాభమెంత? దీనికి నమ్మదగిన ఉత్తరము ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమునుండి వచ్చినది. అచ్చటి ప్రభుత్వవైద్యశాలలో 326 మంది రోగులను, చీట్లు వేసినట్లు, రెండుపక్షములుగా విభజించిరి. ఒక పక్షమునకు పాతపద్ధతిని పొట్ట తెఱచియు, రెండవ పక్షమునకు మరతోను చేసిరి. ఫలితములను 2016లోను, 2018లోను ప్రకటించిరి. పొట్ట తెఱచినవారికి సగటున సుమారు 1,340 మిల్లీలీటర్ల రక్తము పోయినది; మరతో చేసినవారికి సుమారు 440 మాత్రమే. పొట్ట తెఱచినవారు మూడుదినములకుపైగా ఆసుపత్రిలో నుండిరి. మరతో చేసినవారు ఒకటిన్నర దినము. తొలిదినముల నొప్పియు మరవారికి తక్కువ. ఇది లాభమే, కాదనరాదు.

కాని మూత్రమును నిలుపుకొను శక్తియు, దాంపత్యశక్తియు మూడునెలలకు చూచినను, రెండేండ్లకు చూచినను ఇరుపక్షములవారికిని ఇంచుమించు సమానముగానే యుండినవి. ఇంకొక సంగతి గమనింపవలెను. పొట్ట తెఱచి చేసిన వైద్యుడు అంతకుముందే పదునైదువందలకుపైగా ఆపరేషనులు చేసినవాడు. మరతో చేసిన వైద్యుడు మరపై రెండువందలు చేసినవాడు. కొందఱు ఈ భేదమును చూపి, మరవైద్యునికి ఇంకను అనుభవముండినచో ఫలితము మారియుండెడిదందురు. ఆ వాదము నిజమైనను తేలునదేమి? అనుభవమే ప్రధానమని గదా!

దీనికి బలము చేకూర్చు లెక్క మఱియొకటి కలదు. 72 మంది శస్త్రవైద్యులు పాతపద్ధతిని చేసిన ఏడువేలకుపైగా ఆపరేషనులను పరిశీలించి 2007లో అమెరికాలో ఒక వ్యాసము ప్రకటించిరి. అంతకుముందు పది ఆపరేషనులు మాత్రమే చేసిన వైద్యునిచేత చేయించుకొన్నవారిలో నూటికి సుమారు 18 మందికి ఐదేండ్లలోపల వ్యాధి తిరిగి కనబడినది. 250 చేసిన వైద్యునిచేత చేయించుకొన్నవారిలో నూటికి సుమారు 11 మందికి మాత్రమే. కత్తి అదియే, వ్యాధి అదియే, భేదము చేతిలోనిది. వాల్ష్ మహాశయుడు నరముల దారిని కనుగొన్ననాడు ఏ మరయు లేకుండెనని ముందే చెప్పియుంటిని. తెలిసిన చేతికి మర మంచి సాధనము. తెలియని చేతికి మర యిచ్చినను తెలివి రాదు.

నాకు తెలిసిన ఒక రైతుపెద్ద, డెబ్బదియేండ్లకు సమీపించినవాడు, కాగితముల సంచితో నాయొద్దకు వచ్చెను. వెంట ఇద్దఱు కుమారులు. క్యాన్సరు గ్రంథిని దాటిపోలేదు గాని, ముక్కపరీక్షలో కొంచెము క్రూరమైనదిగా తేలినది. ఆపరేషను తగునని వైద్యులు చెప్పిరి. "డాక్టరుగారూ, రెండెకరముల మాగాణి అమ్మి మరతో చేయింతమని పెద్దవాడనును. అది అమ్మిన మనుమలకేమి మిగులునని నేనందును. మర లేనిచోట చేయించుకొన్న నాకు చావేనా? ఆ యొక్కమాట చెప్పుడు" అని యడిగెను. చిన్నకుమారుడు నేలచూపులు చూచుచుండెను. పెద్దవాని కండ్లు చెమ్మగిల్లినవి. "నాయనకంటె పొలము ఎక్కువా, సార్" అని యతడనెను.

"బాబూ, నాయనపై నీ ప్రేమ మంచిదే. కాని ప్రేమను మరఖరీదుతో కొలువవలదు. రెండుచోట్లకు పోయి, చేయు వైద్యునే యడుగుడు: మీరు స్వయముగా ఈ ఆపరేషనును ఎన్ని చేసినారు? మీ రోగులలో ఏడాదికి గుడ్డ అవసరము లేనివారెందఱు?" అని చెప్పి పంపితిని. వారు పోయి యడిగిరి. మర యున్న యొకచోట వైద్యుడు అప్పుడప్పుడే ఆ విద్యను ప్రారంభించుచుండెను. బోధనాసుపత్రి యొకదానిలో పాతపద్ధతిని ఇరువదియేండ్లుగా చేయుచున్న వైద్యుడుండెను. పెద్దాయన అచ్చటనే చేయించుకొనెను. సుఖముగా జరిగినదని చెప్పను. తొమ్మిదిదినములు మంచముపై నుండెను. రెండుసీసాల రక్తము ఎక్కించిరి. నాలుగునెలలు గుడ్డ పెట్టుకొనవలసివచ్చెను. మరతో ననుభవశాలి చేసియుండినచో రక్తము తక్కువ పోయెడిది, త్వరగా ఇల్లు చేరెడివాడు. కాని నేడు ఆయన పొలముగట్టున నడచుచున్నాడు. గట్టునకు ఇరుప్రక్కల పొలము ఆయనదే. మఱియొకరి విషయమున ఉత్తరము వేఱుగా నుండవచ్చును. మర యున్నచోటనే ఆరితేరిన చేయి దొరకి, ఖర్చు భరింపగలిగినచో నిస్సంశయముగా అచ్చటికే పొండు.

ఖర్చు ఎందుకంత యెక్కువయని యడుగుదురు. ఒక్కొక్క మర వెల కోట్లరూపాయలు. దానికి ఏటేట మరమ్మతు ఖర్చు వేఱు. మరచేతి కొనలందలి పనిముట్లు కొన్ని పర్యాయములకు మించి వాడరాదు, పిమ్మట పారవేయవలసినదే. ఈ భారమంతయు రోగుల పద్దులలోనికే వచ్చును. కావున ఆసుపత్రికి పోయినపుడు ప్రభుత్వ ఆరోగ్యపథకముక్రింద ఈ ఆపరేషనుకు ఎంత చెల్లును, మరకు అదనముగా మనమెంత పెట్టుకొనవలెను అని ఆరోగ్యమిత్రను అడిగి, కాగితముమీద వ్రాయించుకొనుడు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీవంటి పథకములు పుట్టినది మీరు పొలములు అమ్ముకొనకుండుటకే.

మఱియొక ముఖ్యవిషయము. క్యాన్సరు అన్నంతనే ఆపరేషనుకు పరుగిడవలదు. బ్రిటనులో 1999 మొదలు 2009 వఱకు, గ్రంథి దాటని క్యాన్సరుగల 1,643 మందిని మూడుపక్షములుగా విభజించిరి. ఒక పక్షమునకు ఆపరేషను. ఒక పక్షమునకు కిరణచికిత్స, మనవారు కరెంటు పెట్టుట అనునది. ఒక పక్షమునకు పరీక్షలు చేయుచు కనిపెట్టియుండుట. పదునైదేండ్లకు, 2023లో, లెక్కచూడగా ఈ వ్యాధివలన మరణించినవారు మూడుపక్షములందును నూటికి ఇద్దఱు ముగ్గురే. కనిపెట్టియున్నవారిలో వ్యాధి దూరమునకు ప్రాకుట మాత్రము రెట్టింపుగా నుండెను; వారిలో సగముకంటె ఎక్కువమంది తరువాత ఏదోయొక చికిత్స చేయించుకొనిరి. కావున సాధువైన చిన్నవ్యాధి గలవారు, అందును వయసు మీరినవారు, వైద్యుని కనుసన్నలలో నుండి వేచిచూచుటయు ఒక చికిత్సయే. కాని వేచియుండుట వేఱు, అలక్ష్యము వేఱు. పరీక్ష మానివేసి ఇంట కూర్చుండుటను వేచియుండుట యనరాదు.

వ్యాధి యెముకలకు ప్రాకినవారికి గ్రంథిని తీసివేసినంతమాత్రమున నయము కాదు. వారికి మరయు, కత్తియు సాధారణముగా ప్రధానచికిత్సలు కావు. పురుషహార్మోను తగ్గించినచో ఈ క్యాన్సరు అణగునని 1941లో చార్లెస్ హగ్గిన్సు నిరూపించెను. అందుకు 1966లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. ఆ మార్గమున ఇంజెక్షనులును, మాత్రలును, మిక్కిలి చౌకైన చిన్న ఆపరేషనును నేటికిని కలవు. వానివలన నొప్పి తగ్గి, ఏండ్లకొలది జీవించువారు కలరు.

ఆపరేషను చేయించుకొనవలసివచ్చినవారు వైద్యుని ఈ ప్రశ్నలు అడుగవలెను. నా వ్యాధి గ్రంథిలోనే యున్నదా, దాటినదా? కిరణచికిత్స నాకు పనికివచ్చునా? వేచియుండవచ్చునా? మీరు స్వయముగా ఎన్ని చేసినారు? నరములను కాపాడ వీలగునా? గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కంటిలో నీటికాసుల జబ్బు ఉన్నవారు ముందే చెప్పవలెను. ఏలయనగా తలక్రిందుగా నుంచుటయు, పొట్టలో వాయువు నింపుటయు వారికి శ్రమ. ఇంటికి వచ్చినపిమ్మట నెలా నెలన్నర బరువులు ఎత్తరాదు, సైకిలు తొక్కరాదు. గొట్టము తీసినపిమ్మట మూత్రమును ఆపుకొనునట్లు క్రింది కండరములను బిగించి వదలు అభ్యాసమును దినమునకు పలుమారులు చేయవలెను. కొన్నాళ్లు చుక్కలు పడుట సహజము. చాలమందికి నెలలు గడచినకొలది తగ్గును. పి.ఎస్.ఏ. పరీక్షను చెప్పిన గడువులకు తప్పక చేయించుకొనవలెను. గ్రంథియే లేనందున ఆ అంకె దాదాపు సున్నకు దిగియుండవలెను; పెరిగినచో వెంటనే వైద్యునికి చూపవలెను.

తుదకు ఒక మనవి. ఈ వ్యాధి మన పెద్దలను చంపుటకు దానికంటె సిగ్గు ఎక్కువ సహాయము చేయుచున్నది. మూత్రము మాట, దాంపత్యము మాట కుమారులయెదుట ఎట్లు చెప్పుదుమని దాచుకొందురు. నడుము విఱిగినట్లైనపుడు చెప్పుదురు. అప్పటికి గ్రంథిని తీసి నయముచేయు కాలము గడచిపోవును. కాబట్టి చావడిలో పదిమంది పెద్దలు కూర్చున్నపుడు ఈ మాట ఎత్తుడు. మీ ఇంటి ఇల్లాలితో చెప్పుడు. ఆమెకు చెప్పరానిది లేదు. పట్టణమునకు పోయినపుడు ఏ మర యున్నదని మొదట అడుగవలదు. ఎవరి చేయి, ఎంత నేర్చినది, ఎంతకాలముగా చేయుచున్నది అని అడుగుడు. మంచి పొలము దున్నించుకొనదలచినవాడు ట్రాక్టరు రంగు చూచి కుదుర్చుకొనడు. తోలువానిని చూచి కుదుర్చుకొనును. మీకు తెలిసిన ఈ న్యాయమే ఇచ్చటను చెల్లును.